ఊరు గడిలో ఏం రాయాలి

చలికాలం మొదలైతే సూర్యాపేట బస్టాండు చుట్టూ దుప్పట్లు పంచేవాళ్లు బయల్దేరతారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చలికి దుప్పటి ఇస్తే తప్పేముందని మా ఆయన అడుగుతాడు. ఇవ్వడం తప్పు కాదు. ఇచ్చి పోతే నేనే దండం పెడతాను. కానీ పడుకున్న మనిషిని లేపి, కూర్చోబెట్టి, దుప్పటి ఒక కొస అతని చేతికిచ్చి, రెండో కొస నలుగురు పట్టుకుని, “ఇటు సూడు, జర నవ్వు” అంటారే, అది తప్పు. ఒకసారి ఫోటో సరిగ్గా రాలేదని ఇచ్చిన దుప్పటిని వెనక్కి లాక్కుని మళ్లీ ఇచ్చారు. నేను ఎదురుగా టీ తాగుతూ చూశాను. గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్లి నాలుగు మాటలన్నాను.

“మీరు ఇస్తలేరు, ఇచ్చేటోళ్లను ఇయ్యనిస్తలేరు. మీకేం నొప్పి మేడం?” అన్నాడు వాళ్లలో ఒకాయన.

నొప్పి ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ హైస్కూళ్లలో పీఈటీగా, అంటే ఆటల టీచరుగా పనిచేశాను. విజిల్ ఊదీ ఊదీ, పిల్లల మీద అరిచీ అరిచీ నా గొంతు ఇలా తయారైంది. ఇంట్లో ఉప్పు అందివ్వమన్నా పోట్లాటలాగే ఉంటుందని మా ఆయన అంటాడు. చదువుకునే రోజుల్లో కబడ్డీలో అప్పటి ఉమ్మడి జిల్లా జట్టుకు ఆడాను. రిటైరయ్యాక కూడా ఊరికే కూర్చోలేక, రోజూ పొద్దున్నే మా పాత స్కూలు గ్రౌండుకు వెళ్లి అమ్మాయిల జట్టుకు ఆట నేర్పుతున్నాను.

ఇక్కడ దాచకుండా ఒక మాట చెప్పాలి. ఆ గ్రౌండులో స్టేజీ మీద ఇల్లు లేని మనుషులు కొందరు పడుకునేవాళ్లు. వాళ్లను అక్కణ్ణుంచి వెళ్లగొట్టమని హెడ్మాస్టరుకు మొదట ఫిర్యాదు చేసింది నేనే. ఆడపిల్లలు వచ్చే చోటు అన్నాను, వాసన అన్నాను, బీడీ ముక్కలు అన్నాను. వాచ్‌మన్ వాళ్ల మూటలు గేటు బయట పెట్టేశాడు. నాకు అప్పుడు కనీసం చురుక్కుమనలేదు. దుప్పట్లవాళ్లను తిట్టినప్పుడల్లా ఇది గుర్తొచ్చి ఇంకో రెండు మాటలు ఎక్కువే తిడతాను.

వెళ్లగొట్టిన కొన్నాళ్లకు ఒక పొద్దున మా అమ్మాయిలు ప్రాక్టీసు చేస్తున్నారు. కూతకు వచ్చిన పిల్లను పట్టుకోవడం ఒక్కరికీ చేతకావడం లేదు. నేను అరుస్తూనే ఉన్నాను. ఇంతలో ప్రహరీగోడ అవతలి నుంచి ఒక గొంతు, నా గొంతు కంటే పెద్దది, వినిపించింది.

“కండ్లెందుకు సూస్తున్నవ్ బిడ్డా! కాళ్లు సూడు! కండ్లు అవద్ధం జెప్తయ్, కాళ్లు జెప్పయ్!”

నాకు చిర్రెత్తుకొచ్చింది. నా గ్రౌండులో నా పిల్లలకు ఎవడో బోధించడమా? తిట్టడానికి గోడ దగ్గరికి వెళ్లేలోపు వెనక ఆడపిల్లలు కేక పెట్టారు. మూలన నిలబడిన పిల్ల, కూతకు వచ్చినదాని కాళ్లే చూసి, మడమ అందుకుని పడేసింది. నేను గోడ మీది నుంచి తొంగిచూశాను. అటువైపు మూట పక్కన ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నలభై అయిదేళ్లుంటాయి. జుట్టు అట్టలు కట్టింది. భుజాలు మాత్రం తలుపంత వెడల్పు.

“ఆడేవాడివా?” అన్నాను.

“సిన్నప్పుడు ఆడిన మేడం. కోతలైనంక మళ్లల్ల ఆడేటోళ్లం.”

అలా తెలిసింది. త్రిపురారం దగ్గర పుట్టాడు. మిర్యాలగూడ రైసుమిల్లులో ఇరవై ఏళ్లు హమాలీగా బస్తాలు మోశాడు. మిల్లుకు బస్తాలు మోసే బెల్టు వచ్చింది, ఇతణ్ణి రావద్దన్నారు. భార్య అంతకు ముందే జబ్బుతో పోయింది. పిల్లలు లేరు. తాగుడు పట్టుకుంది. ఊళ్లో ఉన్న ఇల్లు అన్న చేతికి పోయింది. సూర్యాపేటలో పని దొరుకుతుందని వచ్చి బస్టాండులో ఆగిపోయాడు. ఇదంతా అతను నాలుగు ముక్కల్లో, ఇంకెవరి సంగతో చెప్పినట్టు చెప్పాడు.

“రేపు వచ్చి ఆడతావా?” అని అడిగాను. ఎందుకడిగానో నాకు ఇప్పటికీ తెలియదు. మూట బయట పెట్టించిన తప్పు గుచ్చుకుందేమో.

అతను నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు. “ఒక్కన్నే ఎట్ల ఆడుత మేడం? ఏడుగురు గావాలె.”

మర్నాడు పొద్దున ఆరింటికి ఏడుగురు గేటు ముందు నిలబడి ఉన్నారు. ఒకతను లారీ క్లీనర్, సన్నగా పుల్లలా ఉంటాడు. డ్రైవర్‌తో గొడవ పడితే హైవే మీద దింపేసి పోయాడట, అప్పటి నుంచి ఇక్కడే. ఇంకొకతను ఫంక్షన్ హాళ్లలో వంటకు పోయేవాడు, పెళ్లిళ్ల కాలంలో పని, మిగతా కాలంలో బస్టాండు. మిగిలిన నలుగురివీ ఇలాంటి కథలే. నేను హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లాను. వాళ్లను వెళ్లగొట్టమన్న నోటితోనే లోపలికి రానివ్వమని అడిగాను.

హెడ్మాస్టరు మంచివాడే. మంచివాళ్ల మాటలే ఎక్కువ మంట పుట్టిస్తాయి. “మేడం, ముందు వాళ్లకు కూడు, గూడు గావాలె. ఆటలు దేనికి? కడుపు నిండినోళ్లు ఆడుకుంటరు” అన్నాడు.

“మరి కూడు, గూడు మీరు ఇస్తున్నరా సార్?” అన్నాను. “అవి మీరు ఇయ్యరు, నేను ఇయ్య. అవి వచ్చేదాంక మనిషి గోడకు ఆనుకుని కూసోవాల్నా?”

ఎన్నిసార్లు విన్నానో ఈ మాట. అన్నం పెట్టనివాడే ముందు అన్నం అంటాడు. ఇల్లు లేనివాడికి ఆకలి, చలి తప్ప ఇంకేమీ ఉండదని మనకు మనమే తీర్మానించుకున్నాం. నవ్వు రాదని, గెలవాలని ఉండదని, ఓడిపోతే ఉక్రోషం రాదని ఎవరు చెప్పారు మనకు? చివరికి హెడ్మాస్టరు బాధ్యత నాదేనని కాగితం మీద సంతకం తీసుకుని, ఆరు నుంచి ఏడు వరకు గ్రౌండు ఇచ్చాడు. ఏడు తర్వాత అమ్మాయిలు వస్తారు.

మొదటివారం ఆట కాదది, ప్రహసనం. క్లీనర్ కూతకు వెళ్తే నాలుగు సార్లు కబడ్డీ అనేసరికి ఊపిరి అయిపోయేది, దగ్గు అందుకునేది. వంటాయన పట్టుకోవడానికి పోయి తనే పడేవాడు. హమాలీ మాత్రం ఎడమ మూలన నిలబడితే ఆ పక్కకు ఎవరూ వచ్చేవాళ్లు కాదు. బస్తాను ఎత్తినట్టే మనిషిని నడుం దగ్గర అందుకుని ఎత్తేవాడు.

నేను వాళ్లకు స్నానం చేయమని చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది, మింగాను. వాళ్లలో వాళ్లే తేల్చుకున్నారు. మూడో రోజున క్లీనర్ ఆట మధ్యలో ఆగి, “ఓ వంటాయనా, నిన్ను పట్టుకుందామంటే గబ్బుకు సెయ్యి వస్తలేదు. గిది ఫౌలు” అన్నాడు. అందరూ నవ్వారు, వంటాయన కూడా. మర్నాటి నుంచి ముందు బోరింగు దగ్గర స్నానాలు, తర్వాత ఆట. క్లీనర్ బీడీలు తగ్గించాడు. నేను చెబితే కాదు, కూత నిలవడం లేదని. నెలకు అతని కూత అవతలి గీత దాకా వెళ్లి తిరిగి వచ్చేంత అయింది.

ఒక పొద్దున వంటాయన రాలేదు. ఆరుగురు నిలబడిపోయారు. హమాలీ విసురుగా వెళ్లి, ఏదో ఫంక్షన్ హాలు వెనక తాగి పడిపోయిన మనిషిని లేపి, నీళ్లు కొట్టి, రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. “ఇంకోసారి తాగితే ఆటకు రానియ్య” అని దారి పొడుగునా తిట్టుకుంటూనే వచ్చాడు. తిట్లు తింటున్న వంటాయన ముఖం చూశాను. సిగ్గుపడుతున్నాడు, కానీ లోపల సంతోషంగానే ఉన్నాడు. అతను రాలేదని ఎవరికో కోపం వచ్చి ఎన్నేళ్లయిందో! అప్పటిదాకా వాళ్లు ఒక రోజు కనబడకపోతే అడిగే మనిషి లేడు. ఇప్పుడు ఆరుగురున్నారు.

కబడ్డీలో అవుటైనవాణ్ణి మా వైపు చచ్చాడంటారు. చచ్చినవాడు గీత బయట వరసలో కూర్చోవాలి. తనవాళ్లు అవతలి వాణ్ణి ఒకణ్ణి చంపితే, ముందు చచ్చినవాడు ముందు లేస్తాడు. ఆటలో మామూలు మాటలివి. నేను ముప్పై ఏళ్లు ఈ మాటలు రోజుకు వందసార్లు అన్నాను, ఎప్పుడూ ఆలోచించలేదు. ఒకరోజు హమాలీ అవుటై బయట కూర్చుని, లోపల తన కోసం కూతకు వెళ్తున్న క్లీనర్‌ను చూస్తూ నాతో అన్నాడు.

“నేను సచ్చి కూసుంటే నన్ను లేపనీకి వాడు ఎట్ల ఉరుకుతున్నడో సూడున్రి మేడం.”

నేను చెమట తుడుచుకుంటున్నట్టు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

అలా మూడు నెలలు గడిచాక, ఒకరోజు హమాలీ నోరు తెరిచి ఒక కోరిక చెప్పాడు. బయటికెళ్లి ఆడాలని ఉందట, టోర్నమెంటులో. జనం ముందు, మైకులో స్కోరు చెప్తుంటే. “నా అసువంటోడు ఒకడున్నడని నలుగురు సూడాలె మేడం. ఒక్క మ్యాచ్ సాలు.” ఆ మాట అనడానికి అతనికి మూడు నెలలు పట్టింది. నాకు ఎలాగైనా అతనికి ఆ ఒక్క మ్యాచ్ ఇప్పించాలనిపించింది. అక్కడే నేను తప్పు చేశాను.

కోదాడ అవతల అనంతగిరి వైపు ఒక పల్లెలో జాతరకు కబడ్డీ పెడతారు. ఊళ్ల వారీ పోటీ. ఒక్కో ఊరికి ఒక్కో జట్టు. కాగితంలో ఆటగాడి పేరు, తండ్రి పేరు, ఊరు, ఆధార్ నంబరు అని గడులుంటాయి. మావాళ్లలో ఇద్దరికి తప్ప ఆధార్ లేదు. హమాలీది బస్టాండులో నిద్రపోతుంటే సంచితో సహా పోయింది. కొత్తది కావాలంటే పాత ఫోన్ నంబరు అడుగుతారు. ఆ ఫోనూ ఆ సంచిలోనే పోయింది. అతనితో పాటు నేను కూడా రెండుసార్లు తిరిగాను. “అడ్రసు ప్రూఫ్ ఏదన్నా తీసుకురమ్మనండి” అని కౌంటర్లో మనిషి నాతో అన్నాడు, పక్కనే అతను నిలబడి ఉండగా. అడ్రసు లేని మనిషిని అడ్రసు ఉందని రుజువు తెమ్మంటే ఏ గోడకు చెప్పుకోవాలి?

నంబర్ల గడి వెనక నింపి పంపుతానని నిర్వాహకుడికి చెప్పాను. అంతకు ముందు అక్కడ రెండు మూడేళ్లు అంపైరుగా వెళ్లాను కాబట్టి సరేనన్నాడు. మిగిలింది ఊరు. అక్కడ కలం ఆగింది. నాకు అడ్డదారి తట్టింది. మా అత్తగారిది చివ్వెంల. ఆ ఊరి నుంచి ఆ ఏడాది జట్టు వెళ్లడం లేదని తెలుసు. ఏడు వరసల్లోనూ చివ్వెంల అని రాసేశాను.

“ఎవరన్నా అడిగితే చివ్వెంల అని చెప్పుండ్రి” అన్నాను వాళ్లతో.

ఆరుగురు తలలూపారు. హమాలీ నా వైపు చూసి, వంగి షూ లేసులు కట్టుకున్నాడు. ఆ షూస్ ఎవరో దాత ఇచ్చినవి, రెండూ ఎడమ కాలివే అయినా సర్దుకున్నాడు.

జాతర దగ్గర నిర్వాహకుడు మర్యాదగానే పిలిచాడు. “రండి మేడంగారూ, చివ్వెంల వాళ్లా? మంచిదండీ, కూర్చోండి” అన్నాడు. మొదటి మ్యాచ్ గెలిచారు. నేను గొప్పకు చెప్పడం లేదు, బాగా ఆడి గెలిచారు. క్లీనర్ ఒక్క కూతలో ఇద్దరిని ముట్టుకుని వచ్చాడు. హమాలీ మూలన పట్టు పడితే జనం లేచి నిలబడ్డారు. మైకులో “చివ్వెంల! చివ్వెంల!” అని మోగుతోంది. నేను ఈలలు వేశాను. ఈ వయసులో, నిజంగా, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని.

ఆ మైకు మోతే కొంప ముంచింది. జాతరకు వచ్చిన అసలు చివ్వెంల మనుషులు అయిదారుగురు తమ ఊరి పేరు విని సంబరంగా పరుగెత్తుకొచ్చారు. వాళ్లకు ఏ దురుద్దేశమూ లేదు. భుజాలు తట్టారు, సోడాలు తెప్పించారు. తర్వాత వాళ్లలో ఒక పెద్దాయన, మా వైపు ఎవరైనా అడిగే మాటే అడిగాడు.

“ఎవరింటోళ్లు మీరు?”

ఊరు చెబితే సరిపోదు మా దగ్గర. ఊరి పేరు తర్వాత వెంటనే వచ్చే మాట అదే. ఎవరింటోళ్లు, ఎవరి కొడుకు, ఏ వాడకట్టు. కోడలిగా ఆ ఊళ్లో అడుగుపెట్టిన రోజు నుంచి నేనే వేయిసార్లు వేసిన ప్రశ్న. దానికి జవాబు సిద్ధం చేయకుండా ఏడుగురిని పట్టుకొచ్చాను. క్లీనర్ తడబడి, “బస్టాండు” అన్నాడు.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుకుతాను. ఓడిన జట్టు వాళ్లు గోల చేశారు. సోడాలు తెప్పించిన చేతులే వెనక్కి వెళ్లి జేబులు తడుముకున్నాయి. ఒక్క నిమిషం ముందు తట్టిన భుజాలే అవి! మైకులో “చివ్వెంల పేరుతో వచ్చింది నకిలీ జట్టని తేలినందున” అని చదివారు. నకిలీ అన్నారు. ఈ ప్రాంతంలో ఆ మాట విత్తనాలకు వాడతారు, పురుగుమందులకు వాడతారు. ఆడింది నకిలీ ఆటా? పట్టింది నకిలీ పట్టా? కారింది నకిలీ చెమటా?

“మీరు ఇట్లా చేస్తారనుకోలేదు మేడంగారూ. పెద్దవారు, మీకు చెప్పేదేముందండీ” అన్నాడు నిర్వాహకుడు. నేను గట్టిగానే అరిచాను. వాళ్లు మనుషులు కాదా అన్నాను, మీకు కళ్లు లేవా అన్నాను. కానీ కాగితం మీద అబద్ధం నాదే కదా! ఎంత అరిచినా అది అక్కడే ఉంది.

తిరుగు బస్సులో కండక్టర్‌కు నా ఆధార్ చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకున్నాను. హమాలీ నా ముందు సీట్లో కూర్చున్నాడు. కోదాడ దాటాక వెనక్కి తిరిగి, మెల్లగా అన్నాడు.

“మేడం, ఆళ్లు మమ్ముల ఎల్లగొట్టిన్రు. మీరు మమ్ముల దాసిపెట్టిన్రు. రెండిట్ల ఏది నయమో నాకు ఎర్క లేదు.”

నేను చేతిలోని జీరో టికెట్‌ను చిన్న చిన్న మడతలు పెట్టాను.

మర్నాడు అతను గ్రౌండుకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూటతో సహా వెళ్లిపోయాడు. ఆరుగురు వచ్చి నిలబడేవాళ్లు, కాసేపు చూసి కూర్చునేవాళ్లు. వారం తిరిగేసరికి అయిదుగురయ్యారు. వంటాయన మళ్లీ తాగి పడిపోయాడు, ఈసారి వెళ్లి లేపుకొచ్చే మనిషి లేడు. మూడు నెలల్లో కట్టింది పది రోజుల్లో కూలిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. హెడ్మాస్టరు, “నేను ముందే చెప్పిన గద మేడం” అన్నాడు. ఆ మాట అనకుండా ఉండి ఉంటే ఆయనను జీవితాంతం గౌరవించేదాన్ని.

క్లీనరే వచ్చాడు మా ఇంటికి. గేటు బయటే నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. “మిర్యాలగూడల ఉన్నడంట మేడం. ఒక డ్రైవర్ సూసిండు. పోదాం పాండ్రి” అన్నాడు.

ఇద్దరం పొద్దుటి బస్సుకు వెళ్లాం. మిల్లుల వెంట ఊక దుమ్ములో నడిచి నడిచి, నాలుగో మిల్లు దగ్గర కనబడ్డాడు. గేటు ఎదురుగా టీ బండి పక్కన గోడకు ఆనుకుని ఉన్నాడు. పొద్దున పదకొండు గంటలకే తాగి ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. నేను వెళ్లి పక్కనే కింద కూర్చున్నాను. దారిన పోయేవాళ్లు చూశారు, చూడనీ.

“మీరు అడగకున్నా నేనే జెప్త మేడం” అన్నాడు. “ఆడ కోదాడల ఎవరింటోడివి అని అడిగిన్రు గద. ఇంటికి పోతె జవాబు దొరుకుతదని త్రిపురారం పోయిన. మా అన్న ఇంటి ముంగట నిలవడ్డ. అన్న కొడుక్కు కొత్తగ పెండ్లయింది. ఆ కోడలు పిల్ల నన్ను ఎన్నడు సూడలె. మామా, ఎవరీయన అని అడిగింది. మా అన్న నా మొకం సూసుకుంటనే చెప్పిండు. ఎవడో అడుక్కునేటోడు బిడ్డా, ఇంత బువ్వ ఉంటే ఏసి పంపు అని.”

టీ బండాయన స్టవ్ తగ్గించాడు. అతనూ వింటున్నాడు.

“పిల్ల మంచిది. ఇస్తార్ల బువ్వ, పప్పు తెచ్చింది. తిన్న మేడం. ఆకలైంది. మా ఇంటి అరుగు కింద కూసోని తిన్న.”

నాకు అప్పుడే లేచి బస్సెక్కి త్రిపురారం వెళ్లి ఆ అన్నను నడివీధిలో నిలదీయాలనిపించింది. అన్నాను కూడా. హమాలీ వద్దన్నట్టు చేయి ఊపాడు. క్లీనర్‌కు ఇలాంటి సందర్భంలో ఏం మాట్లాడాలో తెలియదు. తెలిసిన ఒక్క మాట మాట్లాడాడు.

“లే. ఎడమ మూల నీది. మేమెవ్వరం ఆడ నిలవడలె. అయిదుగురితోని ఆట అయితలేదు. లే అంటున్న గద!”

రెండు మూడు సార్లు తిట్టాక, సాయంత్రం బస్సుకు వచ్చాడు. అతణ్ణి చూసి వంటాయన కూడా మళ్లీ ఆటకు రావడం మొదలుపెట్టాడు. హమాలీ తాగుడు మానేశాడని రాయను, అది అబద్ధం. వారంలో నాలుగు రోజులు తాగకుండా ఉండేవాడు. తర్వాత అయిదు రోజులు. తాగిన రోజున ఆటకు రానిచ్చేది లేదని మిగతా ఆరుగురే గట్టిగా చెప్పారు, అతను వంటాయనకు పెట్టిన నియమమే అతనికీ పెట్టారు.

ఎండలు ముదరకముందే మిర్యాలగూడలో ఇంకో టోర్నమెంటు వచ్చింది. అదే కాగితం, అవే గడులు. ఈసారి నేను కాగితం, కలం వాళ్ల మధ్య పెట్టి, ఊరు గడిలో ఏం రాయమంటారని అడిగాను. ఒకరు సూర్యాపేట అన్నారు, ఒకరు బస్టాండు అన్నారు. హమాలీ చాలాసేపు చూసి, “ఖాళీగ ఇడువున్రి. అడిగినోనికి నేను జెప్త” అన్నాడు.

ఆ రోజు మాకు మ్యాచ్ ఇచ్చారో లేదో ముందే చెబుతాను, ఎవరికీ ఆ ఆత్రం ఉండక్కర్లేదు. ఇచ్చారు. ఆడారు, ఓడిపోయారు, బాగానే ఓడిపోయారు. తిరిగి వస్తూ తప్పు నీదంటే నీదని ఏడుగురూ పోట్లాడుకుని, చివరికి జట్టును సరిగ్గా దింపలేదని నన్నూ కడిగేశారు. అంత తృప్తిగా నేను తిట్లు తిన్నది లేదు. కానీ ఇదంతా రాస్తున్నది దాని కోసం కాదు. ఆటకు ముందు పేర్లు రాసే బల్ల దగ్గర జరిగినదాని కోసం.

బల్ల వెనక కళ్లద్దాలాయన కాగితం తిప్పి తిప్పి చూశాడు. “ఊరు రాయలేదేంది?” అన్నాడు.

హమాలీ ముందుకు వచ్చాడు. తలకు నూనె పెట్టి దువ్వుకున్నాడు ఆ రోజు. “త్రిపురారంల పుట్టిన. గీ మిర్యాలగూడలనే ఇరవై ఏండ్లు బస్తాలు మోసిన. సూర్యాపేటల పండుకుంటున్న. ఏది రాసుకుంటవో రాసుకో” అన్నాడు.

“గట్ల గాదు పెద్దమనిషీ. ఇల్లు ఏడుందో అది రాయాలె. రూలున్నది. లేకుంటే ఎంట్రీ లేదు.”

నేను గబగబా ముందుకు జరిగాను. ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి నాకు ఒక పద్ధతి అలవాటైంది. రెండు చేతులూ జోడించాను. గొంతు తగ్గించాను. “సార్, పాపం, ఇల్లు వాకిలి లేనోళ్లు సార్. దిక్కులేనోళ్లు. పెద్ద మనసు చేసుకుని ఒక్క అవకాశం...” అంటున్నాను.

హమాలీ నా మోచేయి పట్టుకుని పక్కకు జరిపాడు. ఇంతకాలంలో అతను నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

“జర ఆగున్రి మేడం. మనం అడుక్కుంటలేం. అడుగుతున్నం.” తర్వాత బల్ల మీదికి వంగి, మిల్లులో బస్తాల మోత మధ్య వినబడే గొంతుతో కళ్లద్దాలాయనతో అన్నాడు. “ఏడుగురం ఉన్నం. ఆట వచ్చు. మ్యాచ్ ఇయ్యి.”

ఆరుగురూ వచ్చి అతని వెనక నిలబడ్డారు. కళ్లద్దాలాయన వాళ్లను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నా చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. దించేశాను.